వెతుకులాట ఫలితాలకు పేజీలు: లెక్క పద్ధతి నుంచి వరుస పద్ధతి దాకా

వెబ్ అప్లికేషన్‌లో ఒక పేరో ఊరో కొట్టి వెతికితే వచ్చే ఫలితాలు పది కావచ్చు, పదివేలు కావచ్చు. అన్నింటినీ ఒక్కసారే తెర మీద కుమ్మరించడం కుదరదు గనుక ఇరవై చొప్పునో యాభై చొప్పునో విడగొట్టి చూపిస్తారు. పేజినేషన్ అనే ఈ పని పైకి తెర అలంకరణలా కనిపిస్తుంది గానీ దాని బరువంతా డేటాబేస్ మీదే పడుతుంది. మంచి పేజినేషన్ మూడు మాటలు నిలబెట్టుకోవాలి. ఎన్నో పేజీ అడిగినా దాదాపు ఒకే వేగంతో రావాలి. పేజీ మారేటప్పుడు ఏ నమోదూ జారిపోకూడదు, రెండుసార్లు రాకూడదు. చూసేవారికి తాము ఎక్కడున్నారో తెలియాలి. ఈ మూడింటినీ పూర్తిగా ఇచ్చే పద్ధతి ఒక్కటీ లేదు. వాడుకలో ఉన్న ప్రతి పద్ధతీ ఒకదాన్ని కొంత వదులుకుని మిగతావాటిని నిలబెడుతుంది.

ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం మీదుగా ఛత్తీస్‌గఢ్ అడవుల అంచు వరకు ఉన్న ఏజెన్సీ ప్రాంతపు రికార్డులు ఈ పద్ధతులకు గట్టి పరీక్ష. ఓటరు జాబితాలు, భూమి రికార్డులు, 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకున్న పోడు దరఖాస్తులు, గోదావరి నీటిమట్టం వివరాలు జనం తరచూ వెతికేవే. ఇక్కడి డేటాకు నాలుగు గుణాలున్నాయి. కోయ గూడేల్లో ఒకే ఇంటిపేరు చాలామందికి ఉంటుంది. ఊళ్లు జిల్లాలు మారాయి, కొన్ని రాష్ట్రమే మారాయి. పేర్లు తెలుగు లిపిలో ఉంటాయి, ఒక్కో పేరు రెండు మూడు రకాలుగా రాసి ఉంటుంది. అడవి లోపలికి వెళ్లేకొద్దీ ఫోన్ సిగ్నల్ పలచబడుతుంది. పేజినేషన్‌లోని చిక్కులన్నీ వీటిలో ఏదో ఒకదాని దగ్గర బయటపడతాయి.

అచ్చు జాబితాలోని నమూనా

కంప్యూటర్ పద్ధతుల్లోకి వెళ్లేముందు అందరూ చూసిన ఓటరు జాబితాను గమనిస్తే సమస్య స్వరూపం తెలుస్తుంది. శాసనసభ నియోజకవర్గపు జాబితా భాగాలుగా ఉంటుంది. ఒక్కో పోలింగ్ కేంద్రానికి ఒక భాగం. ఒక పేజీలో మూడు నిలువు వరుసలు, ఒక్కోదాంట్లో పది గళ్లు, మొత్తం 30 మంది ఓటర్లు. భద్రాచలం నియోజకవర్గంలో దుమ్ముగూడెం, చర్ల మండలాలతో పాటు ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న వెంకటాపురం, వాజేడు మండలాలు కూడా ఉన్నాయి. అయినా ఆ నియోజకవర్గంలో ఏ ఓటరునైనా గుర్తించడానికి రెండు సంఖ్యలు చాలు: భాగం సంఖ్య, అందులో క్రమసంఖ్య. ఆ జంటలో జిల్లా పేరుకు చోటే లేదు.

జాబితా ప్రచురించాక ఒకరు చనిపోతేనో ఊరు మారితేనో ఆ గడిని తీసేసి మిగతావాటిని పైకి జరపరు. గడి అక్కడే ఉంటుంది, దాని మీద తొలగించినట్టు ముద్ర పడుతుంది. కొత్తవారి పేర్లు మధ్యలో దూర్చకుండా అనుబంధ జాబితాలో, చివరి సంఖ్య తరువాతి నుంచి చేరుస్తారు. అన్నింటినీ కలిపి కొత్త సంఖ్యలు ఇవ్వడం తరువాతి సవరణలో జరిగే పని. అందువల్ల పోలింగ్ నాడు ఏజెంట్ చేతిలోని కాగితం, అధికారి చేతిలోని కాగితం ఒకే చోట ఒకే పేరు చూపిస్తాయి. పేజీల విభజన ఇంత నమ్మకంగా పనిచేయడానికి కారణం ముప్పై అనే లెక్క కాదు. ప్రతి నమోదుకూ కదలని స్థానం ఉండటమే. వెబ్ అప్లికేషన్లలో వచ్చే తప్పులు ఎక్కువగా ఈ సంగతి మరిచి, లెక్కనే నమ్ముకున్నప్పుడు వస్తాయి.

లెక్క పద్ధతి: ఆఫ్‌సెట్

ఎక్కువమంది మొదట నేర్చుకునేది ఆఫ్‌సెట్ పద్ధతి. ‘మొదటి 40 వదిలేసి తరువాతి 20 ఇవ్వు’ అని డేటాబేస్‌ను అడగడమే ఇది. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ లాంటివాటిలో లిమిట్, ఆఫ్‌సెట్ అనే రెండు మాటలతో పని అయిపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2012 సంచికతోనూ ఆరకిల్‌లో 12సీ సంచికతోనూ దీనికి నేరుగా వాక్యరూపం వచ్చింది. అంతకుముందు ఆరకిల్ వాడేవారు వరుస సంఖ్యలతో లోపలి క్వెరీ ఒకటి, బయటి క్వెరీ ఒకటి రాసుకునేవారు.

దీని సుగుణాలు చిన్నవి కావు. పేజీ సంఖ్యలోంచి ఒకటి తీసేసి ఇరవైతో హెచ్చిస్తే చాలు, ఏ పేజీకైనా నేరుగా దూకవచ్చు. తెర కింద 1, 2, 3 అని అంకెలు పెట్టవచ్చు. లింకును వేరొకరికి పంపవచ్చు. ఏ క్రమంలో అమర్చినా, ఎన్ని వడపోతలు పెట్టినా కోడ్ మారదు.

చిక్కు ‘వదిలేసి’ అన్న మాటలో ఉంది. డేటాబేస్ ఆ నమోదులను చూడకుండా వదిలేయలేదు. వాటిని ఒక్కొక్కటిగా తీసి, లెక్కపెట్టి, పక్కన పడేస్తుంది. వదిలేసే నమోదులను కూడా సర్వర్ లెక్కించక తప్పదని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అధికారిక మాన్యువల్ హెచ్చరిస్తుంది. పేజీకి 20 చొప్పున 500వ పేజీ కావాలంటే 9,980 నమోదులు చదివి పారేసి, చివరి 20 చేతికిస్తుంది. ఒక మనిషి 500వ పేజీ దాకా రాడు గానీ యంత్రాలు వస్తాయి. సెర్చ్ ఇంజిన్ల క్రాలర్లు, డేటాను ఎత్తుకుపోయే ప్రోగ్రాములు, రాత్రిపూట నివేదికలు తయారుచేసే స్క్రిప్టులు మొదటి పేజీ నుంచి చివరిదాకా నడుస్తాయి. 10,000 నమోదులను అలా 500 పేజీల్లో నడిస్తే డేటాబేస్ మొత్తం 25,05,000 నమోదులు చదవాలి. డేటా రెట్టింపైతే ఈ పని దాదాపు నాలుగింతలవుతుంది.

రెండో లోపం వేగానిది కాదు, నిజానిది. భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. వరదరోజుల్లో గంటగంటకూ కొత్త అంకె వచ్చి చేరే పట్టికను కొత్తది పైన వచ్చేలా, పేజీకి 20 చొప్పున చూపుతున్నారనుకుందాం. చూసేవారు మొదటి పేజీ చదువుతుండగా మూడు కొత్త అంకెలు పైన చేరాయి. అప్పుడు రెండో పేజీ నొక్కితే సర్వర్ మళ్లీ మొదటి నుంచి 20 లెక్కపెడుతుంది. కొత్త మూడూ ఆ లెక్కలో కలుస్తాయి. మొదటి పేజీలో చివర చూసిన మూడు అంకెలే రెండో పేజీ మొదట్లో మళ్లీ వస్తాయి. పై నుంచి మూడు అంకెలు తొలగితే ఇది తిరగబడుతుంది. మూడు నమోదులు ఏ పేజీలోనూ కనబడకుండా పోతాయి. రెండుసార్లు కనబడింది కళ్లకు చిక్కుతుంది. కనబడనిది ఎవరికీ తెలియదు. పోడు దరఖాస్తుల జాబితా చూస్తూ ఒక్కొక్కటీ పరిష్కరించే గుమాస్తాకు ఈ రెండో తప్పు ప్రమాదకరం. ‘పెండింగ్’ అన్న వడపోతలోంచి పరిష్కారమైన దరఖాస్తు తప్పుకుంటూ పోతుంది. తరువాతి పేజీకి వెళ్లిన ప్రతిసారీ కొన్ని దరఖాస్తులు ఆయన కంటబడకుండానే దాటిపోతాయి.

వరుస పద్ధతి: కీసెట్

దీనికి మందు ప్రశ్నను మార్చడం. ‘ఎన్ని వదిలేయాలి?’ అనకుండా ‘దేని తరువాత?’ అని అడగాలి. చివర చూపిన నమోదు విలువను గుర్తుపెట్టుకుని, దానికన్నా తరువాతివైన 20 ఇవ్వమనడమే కీసెట్ పద్ధతి. దీన్నే సీక్ పద్ధతి అని కూడా అంటారు. ‘ఎస్‌క్యూఎల్ పర్ఫార్మెన్స్ ఎక్స్‌ప్లెయిన్డ్’ పుస్తకం రాసిన మార్కుస్ వినాండ్ ఆఫ్‌సెట్‌ను మానేయమని పట్టుబట్టి దీన్ని ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు.

ఇది వేగంగా ఉండటానికి కారణం బీ-ట్రీ ఇండెక్స్. బోయింగ్ సంస్థ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ 1970 ప్రాంతంలో రూపొందించిన ఈ నిర్మాణం విలువలను క్రమంలో ఉంచుతుంది. లక్షల నమోదులున్నా కొద్ది మెట్లు దిగగానే కావలసిన చోటుకు చేరుస్తుంది. అక్కడి నుంచి పక్కపక్కనే ఉన్న 20 తీసుకోవడమే మిగిలిన పని. మొదటి పేజీకీ ఐదువందలో పేజీకీ ఒకే శ్రమ. పైన చెప్పిన 10,000 నమోదుల నడకకు ఇప్పుడు పదివేల పైచిలుకు చదవడం సరిపోతుంది. వరద పట్టికలో పైన ఎన్ని కొత్త అంకెలు చేరినా ‘ఫలానా గంటకు ముందువి’ అన్న ప్రశ్నకు జవాబు మారదు.

అయితే ఈ పద్ధతి నిలబడాలంటే క్రమం సంపూర్ణంగా ఉండాలి. ఏ రెండు నమోదులూ సరిసమానం కాకూడదు. దుమ్ముగూడెం మండలంలో ఓటర్లను ఇంటిపేరు ప్రకారం అమర్చితే సోడి, మడకం, కారం, కుంజా, తెల్లం లాంటి ఇంటిపేర్ల దగ్గర ఒక్కోదానికి పేజీలకు పేజీలు పడతాయి. ఇంటిపేరు ఒక్కటే క్రమానికి ఆధారమైతే అవన్నీ సమానమే. సమానమైనవాటిని ఏ వరుసలో ఇవ్వాలన్న నియమం డేటాబేస్‌కు లేదు. ఒకసారి ఒకలా, మరోసారి మరోలా ఇవ్వవచ్చు. ‘సోడి తరువాతివి’ అని అడిగితే మిగిలిన సోడివారంతా ఎగిరిపోతారు. ‘సోడి నుంచి’ అని అడిగితే చూసినవారే మళ్లీ వస్తారు. అందుకే ఇంటిపేరు, పేరు, చివర ఎన్నటికీ మారని గుర్తింపు సంఖ్య అనే మూడింటినీ కలిపి ఒకే తాళంచెవిగా వాడతారు. తరువాతి పేజీ నియమం ఇలా ఉంటుంది: ఇంటిపేరు తరువాతిదై ఉండాలి, లేదా ఇంటిపేరు అదే అయితే పేరు తరువాతిదై ఉండాలి, రెండూ అవే అయితే సంఖ్య పెద్దదై ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో మూడింటినీ కుండలీకరణాల్లో పెట్టి ఒకే పోలికగా రాయవచ్చు, ఇండెక్స్ కూడా దాన్ని చక్కగా వాడుకుంటుంది. ఇండెక్స్ సైతం అవే మూడు గడులతో, అదే వరుసలో ఉండాలి. సమాన విలువల చిక్కు ఆఫ్‌సెట్ పద్ధతికీ ఉన్నదే. గుర్తింపు సంఖ్యను చివర చేర్చడం ఏ పద్ధతికైనా అవసరం.

ఖాళీ గడులు మరో ఉచ్చు. ఇంటిపేరు నింపని నమోదుతో పోలిక పెడితే డేటాబేస్ అవుననీ అనదు, కాదనీ అనదు. ఆ నమోదులు ఏ పేజీలోకీ రావు. క్రమానికి ఆధారమైన గడుల్లో ఖాళీ ఉండకుండా చూడటం, లేదా ఖాళీకి ఒక స్థిరమైన విలువ ఇవ్వడం ముందే చేయాలి.

వెనక్కి వెళ్లాలంటే క్రమాన్ని తిరగేసి ‘దీనికి ముందువి 20’ అడిగి, వచ్చినవాటిని మళ్లీ తిప్పి చూపాలి. తరువాతి పేజీ ఉందో లేదో తెలియడానికి 20 బదులు 21 అడిగి, ఇరవైఒకటోది వస్తే ‘తరువాత’ బటన్ చూపితే చాలు.

ఈ పద్ధతి వదులుకున్నది నేరుగా దూకడం. 37వ పేజీ ఎక్కడ మొదలవుతుందో 36వ పేజీ చివర తెలియనిదే చెప్పలేదు. వినియోగదారు అమరిక మార్చిన ప్రతిసారీ దానికి తగిన ఇండెక్స్ వేరే ఉండాలి. చదువుతుండగా ఒక నమోదు పేరే మారితే అది దాటిపోయిన చోటుకో, రాబోయే చోటుకో జరగవచ్చు. అందుకే మారే విలువల మీద కన్నా మారని వాటి మీద క్రమం కట్టడం మేలు.

అంకెలతో దూకడం తప్పనిసరైన చోట ఆఫ్‌సెట్ ఖర్చును కొంత తగ్గించే ఉపాయం ఒకటుంది. మొదట ఇండెక్స్‌లోంచి గుర్తింపు సంఖ్యలు మాత్రమే లెక్కపెట్టి, తేలిన 20 సంఖ్యలకే పూర్తి నమోదులు తెచ్చుకోవాలి. దీన్ని వాయిదా జాయిన్ అంటారు. మైఎస్‌క్యూఎల్ వాడేవారిలో ఇది బాగా ప్రచారంలో ఉంది. చదివి పారేసే పని పోదు, కాకపోతే పారేసేవి చిన్నవవుతాయి.

తెలుగు అక్షరాల వరుస

‘తరువాతిది’ అనడానికి ముందు ఏది తరువాతో తేలాలి. తెలుగు డేటాలో అది తనంతట తేలదు. యూనికోడ్‌లో ళ, ఱ అక్షరాలు ల, ర పక్కనే ఉన్నాయి. బడిలో నేర్చుకునే వర్ణమాలలో ళ, క్ష, ఱ హకారం తరువాత వస్తాయి. కోడ్ సంఖ్యల ప్రకారం అమర్చే డేటాబేస్, భాషాక్రమం ప్రకారం అమర్చే డేటాబేస్ ఒకే పేర్లకు వేర్వేరు వరుసలు ఇవ్వవచ్చు. ఏది ఎంచుకున్నా ఇండెక్స్‌లో, అమరికలో, ‘తరువాతివి’ అనే పోలికలో అదే ఉండాలి. ఒకటి సర్వర్‌లో, ఒకటి ఫోన్‌లో వేరైతే నమోదులు జారిపోతాయి. ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు కూడా వరుసను కదిలించగలదు. 2018లో లినక్స్‌లోని జీలిబ్‌సీ 2.28 సంచిక అక్షరక్రమాన్ని మార్చినప్పుడు, దాని మీద ఆధారపడిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఇండెక్స్‌లను తిరిగి కట్టుకోవలసి వచ్చింది.

ఒకేలా కనిపించే రాత లోపల రెండు రకాలుగా ఉండటం ఇంకో చిక్కు. ఐత్వాన్ని ఒకే గుర్తుగా దాచవచ్చు, ఎత్వం కింద మరో గుర్తు చేర్చి రెండుగానూ దాచవచ్చు. కంటికి తేడా లేదు, కంప్యూటర్‌కు ఉంది. పొల్లు తరువాత కనిపించకుండా కూర్చునే విడదీత గుర్తుదీ ఇదే కథ. దాచేముందే యూనికోడ్ ప్రమాణరూపానికి మార్చుకుంటే మొదటిది తీరుతుంది. విడదీత గుర్తును వెతికే రూపంలోంచి తీసేయాలి. స్పెల్లింగ్ భేదాలు ఇంకా పైమెట్టు: చర్ల, చెర్ల, ఎటపాక, యటపాక, మడివి, మడవి. వీటిని కలిపి వెతకడం సెర్చ్ పని. పేజీల వరుస మాత్రం నమోదైన ఒక్క రూపం మీదే నడవాలి.

భూమి రికార్డుల్లో సర్వే నంబర్లు ఇదే పాఠాన్ని అంకెలతో చెబుతాయి. 9, 10, 100, 125/అ, 125/ఆ, 125/అ/1 లాంటివాటిని అక్షరాలుగా అమర్చితే 10, 100 ముందు వచ్చి 9 చివరికి పోతుంది. రైతుకు కావలసిన వరుస అది కాదు. ప్రధాన సంఖ్యను అంకెగా, ఉపవిభాగాన్ని వేరే గడిగా విడగొట్టి దాచి, ఆ గడుల మీద క్రమం కట్టాలి. చూపేటప్పుడు కలిపి చూపవచ్చు.

మొత్తం ఎన్ని?

‘8,412లో 1 నుంచి 20’ అన్న వాక్యంలో ఖరీదైన ముక్క మొదటి అంకె. ఇరవై చూపడానికి ఇరవై చదివితే చాలు. మొత్తం చెప్పడానికి అన్నీ లెక్కపెట్టాలి. ఒకేసారి అనేకమంది రాస్తూ చదువుతూ ఉండే డేటాబేస్‌లో ఒక్కొక్కరికి కనబడే నమోదులు వేరు కావచ్చు గనుక పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మొత్తం సంఖ్యను సిద్ధంగా పెట్టుకోదు, అడిగినప్పుడల్లా లెక్కిస్తుంది. పేజీ ఇచ్చే క్వెరీ కన్నా లెక్క చెప్పే క్వెరీకే ఎక్కువ సమయం పట్టే అప్లికేషన్లు అరుదు కాదు.

మార్గాలు కొన్ని ఉన్నాయి. మొదటి పేజీకి ఒక్కసారే లెక్కించి కొన్ని నిమిషాలు దాచుకోవచ్చు. డేటాబేస్ తన క్వెరీ ప్రణాళిక కోసం వేసుకునే అంచనాను ‘సుమారు’ అని చెప్పి వాడవచ్చు. వెయ్యి దాకా లెక్కించి ఆపేసి ‘1,000కి పైగా’ అనవచ్చు. మండలం, గ్రామం వారీ మొత్తాలను విడిగా నిలవ ఉంచి, నమోదు చేరినప్పుడో తొలగినప్పుడో దిద్దుకోవచ్చు. అధికారిక నివేదికకు కచ్చితమైన అంకె కావాలి. పేరు వెతికే మనిషికి చాలావరకు అక్కర్లేదు.

సెర్చ్ ఇంజిన్లలో

పదాలతో వెతికి, సరిపోలిక ఎక్కువ ఉన్నది పైన చూపే వ్యవస్థల్లో క్రమాన్ని ఇచ్చేది ప్రతి ఫలితానికీ లెక్కగట్టే మార్కు. డేటా పెద్దదైతే దాన్ని షార్డులు అనే ముక్కలుగా వేర్వేరు యంత్రాల్లో ఉంచుతారు. 500వ పేజీలోని 20 ఫలితాలు ఏ షార్డులో ఉన్నాయో ముందు తెలియదు. అందువల్ల ప్రతి షార్డూ తన మొదటి 10,000 పంపాలి. ఐదు షార్డులుంటే 50,000 ఫలితాలను కలిపి అమర్చి, 49,980 పారేసి, ఇరవై ఇవ్వాలి. ఎలాస్టిక్‌సెర్చ్ ఈ పద్ధతిని డిఫాల్ట్‌గా 10,000 ఫలితాల దగ్గర ఆపేయడానికి కారణం ఇదే. 7వ సంచిక నుంచి మొత్తం సంఖ్యను కూడా కచ్చితంగా 10,000 దాకానే లెక్కించి, ఆపైన ‘అంతకు మించి’ అని చెబుతుంది.

లోతుగా వెళ్లేవారికి అక్కడా వరుస పద్ధతే దారి. ఎలాస్టిక్‌సెర్చ్‌లో సెర్చ్ ఆఫ్టర్, సోల్ర్‌లో 4.7 సంచికతో వచ్చిన కర్సర్‌మార్క్ చివరి ఫలితపు విలువలను అందుకుని అక్కడి నుంచి సాగుతాయి. కర్సర్‌మార్క్ వాడాలంటే అమరికలో విశిష్ట సంఖ్య గడి తప్పనిసరి. సమాన విలువల చిక్కును ఆ వ్యవస్థ నియమంగానే మూసేసింది. మార్కులకు ఇంకో బలహీనత ఉంది. కొత్త పత్రాలు చేరితే పాత పత్రాల మార్కులు కూడా కదులుతాయి. అందుకే ఒక క్షణం నాటి ఇండెక్స్‌ను కొద్ది నిమిషాలు పట్టి ఉంచి, పేజీలన్నీ దాని మీదే తిప్పే పాయింట్ ఇన్ టైమ్ సౌకర్యాన్ని ఎలాస్టిక్‌సెర్చ్ 7.10 తెచ్చింది. పట్టి ఉంచిన ప్రతి స్థితీ సర్వర్ మెమరీని, డిస్క్‌ను తింటుంది గనుక దానికి గడువు పెట్టాలి.

రెండు రాష్ట్రాల రికార్డులు

షార్డుల సమస్య ఈ అడవి సరిహద్దులో భూగోళం మీదే కనిపిస్తుంది. పోలవరం ముంపు కారణంగా 2014లో ఖమ్మం జిల్లాలోని చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడు మండలంలో కొంత, భద్రాచలం పట్టణం తప్ప ఆ మండలంలోని మిగతా ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఎటపాక భద్రాచలానికి ఆనుకునే ఉన్నా దాని భూమి రికార్డులు ఆంధ్రప్రదేశ్ మీభూమి పోర్టల్ పరిధిలోవి. భద్రాచలం రికార్డులు 2020 అక్టోబరు 29న మొదలైన తెలంగాణ పోర్టల్ ధరణిలోకి, 2025 ఏప్రిల్ నుంచి భూభారతిలోకి వచ్చాయి. రెండు వైపులా భూమి ఉన్న కుటుంబం వివరాలను ఒకే జాబితాగా చూపే అప్లికేషన్ కట్టాలంటే రెండు వేర్వేరు మూలాల ఫలితాలను పేజీలుగా కలపాలి.

ఆఫ్‌సెట్‌తో ఇది ఎంతకూ తెగదు. మూడో పేజీలో ఒక మూలం నుంచి ఎన్ని రావాలో, రెండో దాని నుంచి ఎన్ని రావాలో మొదటి 60 రెండు చోట్లా తెచ్చి కలిపితేగాని తెలియదు. వరుస పద్ధతిలో ఒక్కో మూలం నుంచి 20 చొప్పున ఒకే క్రమంలో తెచ్చి, ఒక్కొక్కటిగా పోల్చి, ముందుదాన్ని తీసుకుంటూ 20 నింపాలి. ఈ పేజీలో మొదటి మూలం నుంచి 13, రెండోదాని నుంచి 7 వాడితే, 13వ దాని విలువ ఒక గుర్తుగా, 7వ దాని విలువ మరో గుర్తుగా దాచుకోవాలి. తరువాతి పేజీ ఆ రెండు గుర్తుల నుంచి మొదలవుతుంది. ఏ పేజీకైనా తెచ్చేది 40కి మించదు.

ఊళ్లు చేతులు మారిన ఈ చరిత్ర క్రమం ఎంపిక గురించి ఒక హెచ్చరిక కూడా. ఎటపాక 2014కు ముందు ఖమ్మం జిల్లా, తరువాత తూర్పు గోదావరి, 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. వాజేడు, వెంకటాపురం 2016లో ఖమ్మం నుంచి జయశంకర్ భూపాలపల్లికి, 2019లో ములుగుకు మారాయి. జిల్లా పేరుతో మొదలయ్యే క్రమం మీద పేజీలు కడితే ఇలాంటి ప్రతి మార్పుకూ దాచుకున్న లింకులు, ఇండెక్స్‌లు, గుర్తులు చెడతాయి. గ్రామానికి మారని కోడ్ ఇచ్చి క్రమాన్ని దాని మీద కట్టాలి. జిల్లా పేరును చూపడానికి మాత్రమే వాడాలి.

కర్సర్, దాని కాపలా

చివరి నమోదు విలువలను తరువాతి అభ్యర్థనతో పంపే ముక్కను కర్సర్ అంటారు. సాధారణంగా ఇంటిపేరు, పేరు, సంఖ్యలను కలిపి బేస్64 రూపంలోకి మార్చి, లోపల ఏముందో బయటివారు ఆధారపడకుండా ఒక ముద్దగా ఇస్తారు. ఫేస్‌బుక్ రిలే నిర్దేశంలో ప్రతి ఫలితంతోనూ ఇలాంటి కర్సర్ ఉంటుంది. గిట్‌హబ్ లాంటి సేవలు తరువాతి పేజీ చిరునామాను లింక్ హెడర్‌లో పంపుతాయి. ఆ హెడర్ రూపాన్ని 2017 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8288 నిర్దేశిస్తుంది. వాడే ప్రోగ్రాము ఆ చిరునామాను ఉన్నదున్నట్టు తెరిస్తే చాలు, లోపలి పద్ధతి రేపు మారినా దానికి ఇబ్బంది లేదు.

బేస్64 తాళం కాదు, ఎవరైనా విప్పగలరు. అందుకని కర్సర్‌లో రహస్యం పెట్టకూడదు. దాన్ని మార్చి పంపినా పట్టుకునేలా సంతకం చేర్చాలి. ఎవరికి ఏ నమోదులు చూసే హక్కుందో ప్రతి అభ్యర్థనకూ మళ్లీ సరిచూడాలి. ఏ వడపోతతో మొదలైన కర్సర్‌ను ఆ వడపోతతోనే అంగీకరించాలి. పేజీ పరిమాణం అడిగేవారి ఇష్టానికి వదలకుండా గరిష్ఠం పెట్టాలి. ఓటర్ల, పట్టాదారుల జాబితాల్లో మనుషుల వివరాలుంటాయి గనుక వేగంగా తిరిగే పేజినేషన్ డేటాను ఎత్తుకుపోయేవారికీ వేగమే ఇస్తుంది. ఓటరు జాబితా పీడీఎఫ్‌లకు క్యాప్చా పెట్టడం, అక్షరాలుగా కాక చిత్రాలుగా ఇవ్వడం ఈ భయం వల్లే.

తెర, సిగ్నల్

పేజీకి ఎన్ని చూపాలన్నది నెట్‌వర్క్ కూడా తేల్చే విషయం. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు. ‘దుమ్ముగూడెం’ అనే మాటలో గుణింతాలు, పొల్లు, సున్నతో కలిపి 11 సంకేతాలు, అంటే 33 బైట్లు. రోమన్ లిపిలో అదే పేరు 10 బైట్లు. ఒక నమోదుకు 600 బైట్లు అనుకుంటే 20 నమోదులకు 12 కిలోబైట్లు, 200 నమోదులకు 120 కిలోబైట్లు. సెకనుకు 6 కిలోబైట్లే అందే చోట మొదటిది రెండు సెకన్లు, రెండోది ఇరవై సెకన్లు పడుతుంది. తెలుగు సంకేతాల్లో మొదటి బైట్లు పదేపదే ఒకటే కావడం వల్ల సర్వర్‌లో కుదింపు పెడితే ఈ బరువు బాగా తగ్గుతుంది. జాబితాకు కావలసిన గడులే పంపి, మిగతా వివరాలు నొక్కినప్పుడు ఇవ్వడం ఇంకో పొదుపు. సిగ్నల్ తెగి మళ్లీ వచ్చినప్పుడు కూడా కర్సర్ మేలు చేస్తుంది. అదే అభ్యర్థన రెండోసారి వెళ్లినా చోటు తప్పదు.

కిందికి జరిపేకొద్దీ ఫలితాలు వస్తూనే ఉండే ఎడతెగని స్క్రోల్ వార్తలకు, ఫొటోలకు బాగుంటుంది. వెతికి ఒకదాన్ని పట్టుకోవలసిన చోట బాగుండదు. మధ్యలో ఒక నమోదు తెరిచి వెనక్కి వస్తే చోటు పోతుంది, పేజీ అడుగున ఉన్న సమాచారం అందదు, ‘ఫలానా పేజీలో చూడు’ అని ఇంకొకరికి చెప్పలేరు. గూగుల్ తన ఫలితాలకు 2021లో ఫోన్లలో, 2022లో కంప్యూటర్లలో ఎడతెగని స్క్రోల్ పెట్టి, 2024లో దాన్ని విరమించి పేజీ సంఖ్యలకు మళ్లింది. ‘ఇంకా చూపు’ బటన్ మధ్యేమార్గం. చిరునామాలో కర్సర్ ఉంచితే వెనక్కి రావడం, పంచుకోవడం రెండూ సాధ్యమవుతాయి. దూకడం కావాలనుకునేవారికి పేజీ అంకెల బదులు అ నుంచి హ దాకా అక్షరాల పట్టీ ఇవ్వవచ్చు. ‘మ’ నొక్కితే ఆ అక్షరం నుంచి మొదలయ్యే కీసెట్ క్వెరీ వెళుతుంది. 37వ పేజీ కన్నా ‘మ’ అక్షరమే వెతికేవారికి అర్థమున్న గుర్తు.

ఏది ఎక్కడ

అన్నింటికన్నా చవకైన పేజినేషన్ పేజీల అవసరమే రానివ్వకపోవడం. భూమి పోర్టళ్లు జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు వరుసగా ఎంచుకోమనడం అలాంటిదే. చివరికి మిగిలేది ఒకటో రెండో నమోదులు. వడపోత ఫలితాలను కొన్ని వందలకు దించగలిగితే ఆఫ్‌సెట్‌తో నష్టం లేదు, అంకెల సౌకర్యమూ దక్కుతుంది. ఆఫీసులో కొద్దిమందే వాడే, అరుదుగా మారే పట్టికలకు కూడా అదే చాలు. నిరంతరం పెరిగే నీటిమట్టం పట్టికలు, ఒక్కొక్కటిగా పరిష్కరిస్తూ పోయే దరఖాస్తులు, యంత్రాలు నడిచే ఏపీఐలు, రెండు మూలాలు కలిసే జాబితాలు కీసెట్‌వే. పదాలతో వెతికే వ్యవస్థల్లో మొదటి కొన్ని పేజీలకు మామూలు పద్ధతి, లోతుకు సెర్చ్ ఆఫ్టర్ లాంటిది, మొత్తం ఎగుమతికి స్థిరమైన క్షణచిత్రం వాడాలి.

ఏది ఎంచుకున్నా సరిచూసే పరీక్ష ఒకటే. ఒక వడపోతకు వచ్చే నమోదులన్నింటినీ ఒకేసారి తీసి ఉంచుకుని, అదే వడపోతను పేజీపేజీగా చివరిదాకా నడిపి రెండింటినీ పోల్చాలి. తరువాత నడక మధ్యలో కొన్ని నమోదులు చేర్చి, కొన్ని తొలగించి, మొదటి నుంచి చివరిదాకా కదలకుండా ఉన్నవన్నీ సరిగ్గా ఒక్కొక్కసారే వచ్చాయా అని చూడాలి. ఈ పరీక్షకు ఒకే ఇంటిపేరు నిండిన గ్రామాన్ని, ఖాళీ గడులున్న నమోదులను, రెండు రకాలుగా రాసిన పేర్లను ఎంచుకోవాలి. వాటి దగ్గర నిలిచిన పద్ధతి మిగతా డేటా దగ్గరా నిలుస్తుంది.